కారు హీటర్ చల్లగాలి కొడుతుంటే లోపం ఎక్కడుందో పట్టుకోవడం ఎలా?

పెట్రోలు, డీజిల్ కార్లలో హీటర్ తనంతట తాను వేడిని పుట్టించదు. ఇంజన్‌లో ఇంధనం మండినప్పుడు వృథాగా పోవలసిన వేడిని కూలెంట్ అనే చల్లబరిచే ద్రవం మోసుకొచ్చి, డాష్‌బోర్డు వెనక దాగి ఉండే హీటర్ కోర్ అనే చిన్న రేడియేటర్‌కు అందిస్తుంది. బ్లోవర్ తోసే గాలి ఆ కోర్ రేకుల మధ్య నుంచి దూరి వచ్చేటప్పుడు వేడెక్కి క్యాబిన్‌లోకి చేరుతుంది. కాబట్టి హీటర్ చల్లగాలి కొడుతోందంటే మూడింట్లో ఏదో ఒకటి జరుగుతోందన్నమాట: ఇంజన్ తగినంత వేడెక్కడం లేదు, లేదా ఆ వేడి కోర్ దాకా రావడం లేదు, లేదా కోర్ దాకా వచ్చిన వేడి గాలికి అందడం లేదు.

ఈ మూడింటినీ విడదీసి చూడకుండానే చాలామంది ఇంజన్ వేడెక్కేదాకా రేడియేటర్ వైపు కూలెంట్ దారిని మూసి ఉంచే వాల్వును, అంటే థర్మోస్టాట్‌ను, నేరుగా మార్చేస్తారు. అది చవకైన భాగం, మార్చడం తేలిక, పైగా కొన్నిసార్లు నిజంగానే దోషి అదే కావడంతో ఈ అలవాటు పాతుకుపోయింది. కానీ కూలెంట్ తగ్గిన కారుకు కొత్త థర్మోస్టాట్ వేస్తే ఒరిగేదేమీ లేదు. డాష్‌బోర్డు వెనక ఒక ప్లాస్టిక్ గేరు విరిగిన కారులో ఇంజన్ భాగాలు ఎన్ని మార్చినా గాలి వెచ్చబడదు. ఏ భాగమూ కొనకముందే లోపం ఏ వైపున ఉందో తేల్చుకునే వరుస ఒకటి ఉంది. అందులోని తనిఖీల్లో చాలా భాగానికి చేయి, కన్ను, చెవి సరిపోతాయి. ఒక టార్చిలైటు, మందపాటి చేతి తొడుగులు, వీలైతే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు, ఇంజన్ కంప్యూటరును చదివే ఓబీడీ స్కానరు ఉంటే పని మరింత నిక్కచ్చిగా సాగుతుంది.

ముందుగా జాగ్రత్తలు

వేడిగా ఉన్న ఇంజన్‌పై రేడియేటర్ మూతను గానీ, ఒత్తిడితో ఉండే కూలెంట్ ట్యాంకు మూతను గానీ ఎట్టి పరిస్థితుల్లోనూ తిప్పకూడదు. లోపల సుమారు ఒక బార్ ఒత్తిడి ఉంటుంది కాబట్టే నూరు డిగ్రీలు దాటినా కూలెంట్ మరగకుండా నిలుస్తుంది. మూత వదులైన మరుక్షణం ఆ ఒత్తిడి పోయి, కూలెంట్ ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి చిమ్ముతుంది. ఇంజన్ పూర్తిగా చల్లారడానికి కొన్ని గంటలు పట్టవచ్చు. రేడియేటర్ పైభాగానికి తగిలించి ఉన్న పై హోస్ పైపును నొక్కినప్పుడు మెత్తగా అణిగి, చేతికి చల్లగా తగిలితేనే మూత తీయండి.

కూలెంట్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ విషం. దానికి తియ్యటి రుచి ఉండడం వల్ల పెంపుడు జంతువులు, పసిపిల్లలు ఇష్టంగా నాకే ప్రమాదం ఉంది. నేల మీద పడ్డదాన్ని వెంటనే తుడవండి, పారబోయవలసినదాన్ని మూత గల డబ్బాలో పెట్టండి. ఇంజన్ నడిపి చూసే పరీక్షలన్నీ ఆరుబయటే చేయండి, ఎందుకంటే తలుపులు మూసిన గ్యారేజీలో కార్బన్ మోనాక్సైడ్ వాసన కూడా తెలియకుండా ప్రాణం తీస్తుంది. రేడియేటర్ ఫ్యాన్ చెప్పాపెట్టకుండా తిరగడం మొదలుపెడుతుందనీ, కొన్ని కార్లలో ఇంజన్ ఆపిన తర్వాత కూడా తిరుగుతుందనీ మరచిపోవద్దు.

ఎప్పుడు చల్లగా ఉంది, ఎప్పుడు వెచ్చగా ఉంది?

బానెట్ ఎత్తకముందే ఒకసారి బండి నడిపి, గాలి ఎప్పుడెప్పుడు ఎలా మారుతోందో గమనించండి. ఈ ఒక్క పరిశీలనే సగం దారి చూపిస్తుంది.

బండి ఆగి ఉన్నప్పుడు చల్లగాలి, వేగం అందుకోగానే వెచ్చటి గాలి వస్తుంటే మొదటి అనుమానం కూలెంట్ తగ్గడం మీద, ఆ తర్వాత కూలెంట్‌ను తిప్పే వాటర్ పంప్ నీరసించడం మీద పెట్టుకోవాలి. చాలా కార్లలో హీటర్ కోర్ కాస్త ఎత్తున ఉంటుంది. కూలెంట్ తగ్గినప్పుడు, పంపు నెమ్మదిగా తిరిగేటప్పుడు అక్కడి దాకా తగినంత ఎక్కదు. దీనికి పూర్తిగా తిరగబడిన లక్షణం కూడా ఉంది: ఆగి ఉంటే వెచ్చగా ఉండి, హైవే మీద పరుగెత్తేటప్పుడు గాలి చల్లబడిపోవడం. అప్పుడు థర్మోస్టాట్ తెరుచుకున్న స్థితిలోనే బిగుసుకుపోయి ఉండవచ్చు. ఎదురుగాలి రేడియేటర్‌ను అవసరానికి మించి చల్లబరుస్తుంటే, తెరిచే ఉన్న థర్మోస్టాట్ ఆ చల్లటి కూలెంట్‌ను అడ్డూ అదుపూ లేకుండా ఇంజన్‌లోకి రానిస్తుంది.

డ్రైవరు వైపు వేడిగాలి, పక్క సీటు వైపు చల్లగాలి వస్తుంటే, రెండు వైపులా విడివిడిగా ఉష్ణోగ్రత పెట్టుకునే కారైతే ఆ వైపు గాలి రెక్కను తిప్పే చిన్న మోటారును, అంటే యాక్చుయేటరును, కాకపోతే సగం పూడుకుపోయిన కోర్‌ను అనుమానించాలి. డాష్‌బోర్డు వెనక నుంచి గలగలమని నీళ్లు పారే చప్పుడు వస్తే కోర్‌లో గాలి చిక్కుకుంది. టిక్ టిక్ మని ఒకే తీరుగా వచ్చే చప్పుడు గేరు పళ్లు అరిగిన యాక్చుయేటరుది.

ఒక్క లక్షణాన్ని మాత్రం పరిశీలన పేరుతో కొనసాగనివ్వకూడదు. ఉష్ణోగ్రత ముల్లు పైపైకి పోతూ ఉండగా హీటర్ చల్లగాలి కొడుతోందంటే, కూలెంట్ ప్రమాదకరంగా తగ్గిపోయిందనో, దాని ప్రసరణ ఆగిపోయిందనో అర్థం. వెంటనే బండిని పక్కకు తీసి ఇంజన్ ఆపేయండి. ఇంకొంత దూరమే కదా అని నడిపితే సిలిండర్ హెడ్ వంకరపోయి, హీటర్ సంగతి అటుంచి ఇంజన్‌కే ఎసరు వస్తుంది.

సీట్లో కూర్చుని చేసే తనిఖీ

ఇంజన్ బాగా వేడెక్కాక ఏసీ ఆపి, ఉష్ణోగ్రతను ఆఖరి వేడి స్థానానికి తిప్పి, బ్లోవర్‌ను మధ్య వేగంలో పెట్టండి. ఆటోమేటిక్ ఏసీ ఉన్న కార్లలో అంకెలను పెంచుతూ పోతే చివర ‘హై’ అని కనబడే స్థానం ఉంటుంది. చాలా కార్లలో ఆ స్థానంలో కంప్యూటరు క్యాబిన్ సెన్సరు మాట వినడం మానేసి, గాలినంతటినీ కోర్ గుండా పంపిస్తుంది. మామూలు స్థానాల్లో చల్లగా ఉండి ‘హై’లో మాత్రం వేడిగాలి వస్తే, యంత్రభాగాలన్నీ బాగున్నట్టే. క్యాబిన్ ఉష్ణోగ్రతను కొలిచే సెన్సరు తప్పు చెబుతోందన్నమాట. చాలా కార్లలో డాష్‌బోర్డు మీద చిన్న జాలీ వెనక ఉండే ఈ సెన్సరుకు దుమ్ము పట్టడం మామూలే.

గాలి అసలు రాకపోయినా, బలహీనంగా వస్తున్నా అది వేరే సమస్య. మూసుకుపోయిన క్యాబిన్ ఫిల్టరు, కాలిన ఫ్యూజు, పాడైన బ్లోవర్ మోటారు వంటివి అక్కడ చూడాలి. బ్లోవర్ ఆఖరి వేగంలో మాత్రమే తిరిగి మిగతా వేగాల్లో తిరగకపోతే వేగాన్ని తగ్గించే రెసిస్టరు పోయినట్టు. గాలి జోరుగా వస్తూ చల్లగా ఉంటేనే కింది అడుగులు మీకు పనికొస్తాయి.

కూలెంట్ మట్టం

ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, బండి సమతల నేల మీద ఉండగా మట్టం చూడండి. పక్కన విడిగా మిగులు ట్యాంకు, రేడియేటర్ మీద వేరే మూత ఉన్న కార్లలో ట్యాంకును మాత్రమే చూసి తృప్తిపడకూడదు. మూతలోని చిన్న వాల్వు పాడైనా, ట్యాంకుకూ రేడియేటర్‌కూ మధ్య ఉన్న సన్న గొట్టం చీలినా, చల్లారేటప్పుడు రేడియేటర్ ట్యాంకులోని కూలెంట్‌ను వెనక్కి పీల్చుకోలేదు. ట్యాంకు నిండుగా కనిపిస్తుంటే రేడియేటర్ లోపల వెలితిగా ఉంటుంది. అటువంటి కారులో రేడియేటర్ మూతే తీసి, అంచు దాకా ఉందో లేదో కళ్లారా చూడాలి.

తగ్గి ఉంటే కారు పుస్తకంలో చెప్పిన రకం కూలెంట్‌నే పోయండి. రంగు చూసి రకాన్ని నిర్ణయించడం సరికాదు, ఎందుకంటే ఒకే రంగులో వేర్వేరు రసాయనాలు దొరుకుతాయి. పొసగనివి కలిస్తే తుప్పును ఆపే గుణం పోతుంది, కొన్ని జోడీలైతే జిగట మడ్డిగా కూడా మారి హీటర్ కోర్ సన్న గొట్టాలను పూడుస్తాయి. గాఢమైన కూలెంట్‌ను సాధారణంగా సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ వాటర్‌గా కలుపుతారు. ఆ మిశ్రమం సుమారు మైనస్ 37 డిగ్రీల సెల్సియస్ దాకా గడ్డకట్టదు. ముందే కలిపి అమ్మేదానికి మళ్లీ నీళ్లు కలపకూడదు.

మట్టం తగ్గడానికి ఒక కారణం ఉండి తీరుతుంది, ఎందుకంటే మూసి ఉన్న వ్యవస్థలో కూలెంట్ ఆవిరైపోయే వీలు లేదు. హోస్ పైపుల క్లిప్పుల దగ్గర, రేడియేటర్ అతుకుల దగ్గర, వాటర్ పంప్ కింద ఉండే చిన్న రంధ్రం దగ్గర టార్చి వేసి చూడండి. కారి ఎండిపోయిన చోట తెల్లగానో, కూలెంట్ రంగులోనో పొక్కు కట్టిన మరక ఉంటుంది. లీకు కనబడకపోయినా మట్టం తగ్గుతూనే ఉంటే హీటర్ కోర్‌ను, ఇంజన్ బ్లాకుకూ సిలిండర్ హెడ్‌కూ మధ్య ఉండే హెడ్ గ్యాస్కెట్‌ను అనుమానించాలి, వాటి సంగతి కింద వస్తుంది.

ఇంజన్ నిజంగా వేడెక్కుతోందా?

డాష్‌బోర్డులోని ఉష్ణోగ్రత ముల్లును గుడ్డిగా నమ్మకండి. డ్రైవరును కంగారు పెట్టకూడదనే ఉద్దేశంతో అనేక కార్లలో ఆ ముల్లు ఒకసారి మధ్యకు చేరాక, అసలు ఉష్ణోగ్రత పది పదిహేను డిగ్రీలు అటూఇటూ అయినా కదలకుండా ఉండేట్టు తయారు చేస్తారు. అసలు అంకె కావాలంటే ఓబీడీ స్కానరు పెట్టి కూలెంట్ ఉష్ణోగ్రతను చూడాలి. చాలా ఇంజన్లు పది, పదిహేను నిమిషాలు నడిపేసరికి 85 నుంచి 100 డిగ్రీల మధ్య నిలకడగా నిలుస్తాయి. డీజిల్ ఇంజన్లు ఆగి ఉన్న చోట చాలా నెమ్మదిగా వేడెక్కుతాయి కాబట్టి, నిలబెట్టి చూసి తీర్పు చెప్పకుండా రోడ్డు మీద నడిపి చూడాలి. అంకె డెబ్బై దగ్గరే తచ్చాడుతున్నా, వేగం పెరిగేకొద్దీ పడిపోతున్నా థర్మోస్టాట్ మూసుకోవడం లేదని అర్థం. అటువంటప్పుడు ఇంజన్ కంప్యూటరు సాధారణంగా పి0128 అనే కోడ్‌ను నమోదు చేస్తుంది. ఇంజన్ ఉండవలసినంత వేడికి చేరడం లేదన్నదే దాని భావం.

స్కానరు లేకపోతే చేతితోనే తెలుసుకోవచ్చు. రాత్రంతా ఆగి ఉన్న ఇంజన్‌ను స్టార్ట్ చేసి, థర్మోస్టాట్ ఉన్న వైపు రేడియేటర్ హోస్ పైపును అప్పుడప్పుడూ తాకి చూడండి. థర్మోస్టాట్ బాగుంటే ఇంజన్ వేడెక్కుతున్నంతసేపూ ఆ పైపు చల్లగానే ఉండి, తెరుచుకునే వేళకు కొద్దిసేపట్లోనే కాలిపోయేంత వేడెక్కుతుంది. మొదటి నిమిషాల నుంచే ఇంజన్‌తో పాటు మెల్లమెల్లగా వెచ్చబడుతుంటే థర్మోస్టాట్ తెరిచే ఉంది. కొన్ని ఇంజన్లలో థర్మోస్టాట్ పై పైపు దగ్గర, మరికొన్నింటిలో కింది పైపు దగ్గర ఉంటుంది. ఈ తేడా చూసుకోకపోతే పరీక్ష తప్పుదారి పట్టిస్తుంది.

బయటికి తీసిన థర్మోస్టాట్‌ను పొయ్యి మీద పరీక్షించవచ్చు. దాని వాల్వును కాస్త తెరిచి, మధ్యలో దారం ఇరికించి, ఆ దారంతోనే నీళ్ల గిన్నెలో అడుగుకు తగలకుండా వేలాడదీయండి. పక్కనే థర్మామీటరు ఉంచి నీళ్లను నెమ్మదిగా కాచండి. వాల్వు తెరుచుకోవడం మొదలైన క్షణాన దారం వదులై థర్మోస్టాట్ జారి గిన్నెలో పడుతుంది. అప్పటి ఉష్ణోగ్రత దాని మీద చెక్కి ఉన్న అంకెకు, అంటే 82, 88 వంటి అంకెకు, దగ్గరగా ఉండాలి. చన్నీళ్లలోనే దారం నిలవకపోతే అది మూసుకోవడం లేదన్నమాట. విద్యుత్తుతో నియంత్రించే కొత్త రకాలలో కొన్ని, కరెంటు అందనప్పుడు నూరు డిగ్రీలు దాటితే గానీ తెరుచుకోవు. వాటికి ఈ పరీక్ష పనికిరాదు.

అసలు పరీక్ష: హీటర్‌కు వెళ్లే రెండు పైపులు

ఇంజన్ వేడెక్కుతోంది, కూలెంట్ నిండుగా ఉంది, అయినా గాలి చల్లగానే వస్తోంది. ఇక్కడి నుంచి దారి రెండుగా చీలుతుంది. ఏ దారిన పోవాలో చెప్పేవి ఫైర్‌వాల్‌లోకి, అంటే ఇంజన్ గదికీ క్యాబిన్‌కూ మధ్య ఉన్న గోడలోకి, పక్కపక్కనే దూరే రెండు రబ్బరు పైపులు. రేడియేటర్ పైపుల కంటే ఇవి సన్నగా, సుమారు 16 నుంచి 19 మిల్లీమీటర్ల లోపలి వ్యాసంతో ఉంటాయి. ఒకటి వేడి కూలెంట్‌ను కోర్‌లోకి తెస్తుంది, రెండోది వేడి ఇచ్చేసిన కూలెంట్‌ను వెనక్కి తీసుకుపోతుంది.

హీటర్‌ను పూర్తి వేడిలో, బ్లోవర్‌ను కనిష్ఠ వేగంలో పెట్టండి. కనిష్ఠ వేగం అవసరం, ఎందుకంటే గాలి ఎక్కువగా పోతే బాగున్న కోర్‌లో కూడా తిరుగు పైపు బాగా చల్లబడి, లేని అడ్డంకి ఉన్నట్టు భ్రమ కలిగిస్తుంది. ఇంజన్ వేడెక్కిన తర్వాత తొడుగు వేసుకున్న చేతితో రెండు పైపులనూ ఒకదాని తర్వాత ఒకటి తాకండి. థర్మామీటరు ఉంటే దాన్ని రబ్బరు మీదే గురిపెట్టండి. మెరిసే లోహపు గొట్టం మీద గురిపెడితే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు అసలు కంటే తక్కువ చూపిస్తుంది.

రెండు పైపులూ చేయి పెట్టలేనంత వేడిగా, కొద్దిపాటి తేడాతో ఉంటే వేడి కోర్ దాకా చేరుతోంది, లోపం గాలి వైపున, డాష్‌బోర్డు లోపల ఉంది. ఒకటి బాగా వేడిగా, మరొకటి చల్లగానో గోరువెచ్చగానో ఉంటే కోర్ పూడుకుపోయింది, లేదా వాల్వు మూసుకుంది, లేదా గాలి అడ్డుపడింది. రెండూ చల్లగా ఉంటే వేడి కూలెంట్ అక్కడి దాకా రావడమే లేదు.

ఈ పరీక్షను ఎంత నొక్కి చెప్పినా తక్కువే. డాష్‌బోర్డు విప్పడమంటే ఒక రోజు పని, కొన్ని కార్లలో స్టీరింగు కూడా దించవలసి వస్తుంది. ఆ పని నిజంగా అవసరమో కాదో ఐదు నిమిషాల్లో చెప్పే పరీక్ష ఇదొక్కటే. హీటర్ కోర్ మార్చాలని చెప్పేవారు ఎవరైనా సరే, పైపుల ఉష్ణోగ్రత చూశారా అని ముందు అడగండి.

రెండూ వేడిగా ఉంటే

కోర్ పక్కన బ్లెండ్ డోర్ అనే రెక్క ఉంటుంది. వచ్చే గాలిలో ఎంత భాగం కోర్ గుండా పోవాలి, ఎంత భాగం దాన్ని తప్పించుకుని చల్లగా పోవాలి అన్నది, రెండుగా చీలే కాలువ దగ్గరి తూములా, ఆ రెక్కే నిర్ణయిస్తుంది. అది చల్లటి వైపు ఇరుక్కుపోతే కోర్ ఎంత వేడిగా ఉన్నా ఫలితం ఉండదు.

పాత కార్లలో ఈ రెక్కను ఉష్ణోగ్రత నాబ్ నుంచి వచ్చే ఉక్కు కేబులు లాగుతుంది. నాబ్ తిప్పినప్పుడు బరువేమీ తెలియకుండా వదులుగా తిరిగిపోతే, కేబులు క్లిప్పు నుంచి ఊడి ఉంటుంది. తిరిగి తగిలించడం తప్ప ఖర్చు లేని మరమ్మతు అది. కొత్త కార్లలో అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దదైన యాక్చుయేటరు మోటారు ఆ పని చేస్తుంది. గ్లోవ్ బాక్సు దించితే చాలా కార్లలో కనబడుతుంది. ఒకరిని సీట్లో కూర్చోబెట్టి, ఉష్ణోగ్రతను ఈ చివర నుంచి ఆ చివరకు మార్చమని, మోటారు ఇరుసును టార్చి వెలుగులో చూడండి. మోటారు మోగుతున్నా ఇరుసు తిరగకపోతే లోపలి ప్లాస్టిక్ గేరు పోయింది. ఇరుసు తిరుగుతున్నా గాలి మారకపోతే రెక్క ఇరుసే విరిగింది. అసలు చప్పుడే లేకపోతే ముందు ఫ్యూజు, ఆ తర్వాత కనెక్టరులో కరెంటు చూడాలి.

మోటారు విప్పదీసి రెక్క ఇరుసును వేళ్లతో తిప్పి చూడడం ఇంకా మంచి పరీక్ష. వేడి వైపు తిప్పగానే వేడిగాలి వస్తే మోటారో, దాన్ని నడిపే వ్యవస్థో దోషి, రెక్క కాదు. ఎక్కడా ఇరుక్కోకుండా చివరిదాకా మెత్తగా తిరగాలి. పెన్ను, నాణెం వంటివి డాష్‌బోర్డు మీది గాలి బిలంలో పడి రెక్కకు అడ్డుపడడం అరుదేమీ కాదు. చీకిపోయిన స్పాంజి ముక్కలు గాలితో పాటు బయటికి రాలుతుంటే రెక్క అంచు కప్పు ఊడిపోయిందన్నమాట. అప్పుడు గాలి పూర్తిగా చల్లబడదు, పూర్తిగా వేడెక్కదు.

బ్యాటరీ మార్చిన తర్వాతే ఈ సమస్య మొదలైతే యాక్చుయేటర్లు తమ చివరి స్థానాలను మరచిపోయి ఉండవచ్చు. వాటికి తిరిగి నేర్పే విధానం కారును బట్టి మారుతుంది: కొన్నింటిలో హీటర్ ఫ్యూజును కాసేపు తీసి పెట్టాలి, కొన్నింటిలో రెండు బటన్లను కలిపి నొక్కి పట్టుకోవాలి, కొన్నింటిలో స్కానరుతోనే చేయాలి.

ఒకటి వేడి, ఒకటి చల్లన

ముందుగా హీటర్ పైపు మీద వాల్వు ఉందేమో వెతకండి. అన్ని కార్లకూ ఉండదు, కొన్నింటికి ఉంటుంది. కేబులుతోనో, వాక్యూమ్‌తోనో, కరెంటుతోనో తెరుచుకునే ఆ వాల్వుకు ముందున్న పైపు వేడిగా, వెనక ఉన్నది చల్లగా ఉంటే దోషి దొరికినట్టే. వాక్యూమ్ రకంలో సన్నటి రబ్బరు గొట్టం పగలడమే తరచుగా జరిగేది.

వాల్వు లేకపోయినా, బాగున్నా, కోర్ పూడుకుపోయిందని అనుకోవాలి. ఏళ్ల తరబడి మార్చని కూలెంట్ నుంచి రాలిన తుప్పు, మడ్డి అక్కడ పేరుకుంటాయి. లీకులు ఆపుతాయని రేడియేటర్‌లో పోసే పొడులు, ద్రవాల మీద నాకు సదభిప్రాయం లేదు, ఎందుకంటే అవి చిన్న రంధ్రానికీ సన్న గొట్టానికీ తేడా ఎరగవు.

కోర్‌ను కడగడం ఇంట్లోనే చేయవచ్చు. చల్లటి ఇంజన్‌పై ఫైర్‌వాల్ దగ్గరి రెండు హోస్ పైపులనూ విప్పండి. లాగి పీకితే కోర్ గొట్టాలు వంగి విరుగుతాయి కాబట్టి, క్లిప్పు తీశాక పైపును ముందు మెలితిప్పి వదులు చేయాలి. మొండికేస్తే పాత రబ్బరును నిలువుగా కోసి తీయడమే మేలు. కూలెంట్ బయటికి వచ్చే వైపు గొట్టానికి నీటి పైపు తగిలించి, రెండో గొట్టం నుంచి వచ్చే నీటిని బకెట్‌లో పట్టండి. ఇలా ఎదురు దిశలో కడిగితే ఇరుక్కున్న మడ్డి వచ్చిన దారినే వెనక్కి పోతుంది. కొళాయిని పూర్తిగా తిప్పకండి. కోర్ గొట్టాలు పలుచటి అల్యూమినియంతో చేసినవి, వ్యవస్థలో మామూలుగా ఉండే ఒక బార్‌ను మించిన ఒత్తిడిని వాటి మీద పెట్టకూడదు. మొదట గోధుమరంగు నీళ్లు, తుప్పు పొరలు వస్తాయి. నీళ్లు తేటపడ్డాక దిశ మార్చి కాసేపు, తిరిగి ఎదురు దిశలో కాసేపు పంపండి. చివరగా డిస్టిల్డ్ వాటర్ పోసి కొళాయి నీటిని గెంటేయండి. బకెట్‌లోని నీటిలో కూలెంట్ కలిసి ఉంటుంది, దాన్ని మురుగుకాలువలో పారబోయకండి.

కడిగాక కొన్ని వారాలు బాగుండి మళ్లీ చల్లబడితే, మిగిలిన మడ్డి కదిలి వచ్చి అడ్డుపడిందన్నమాట. రెండోసారి కడిగినా నిలవకపోతే కోర్ మార్చక తప్పదు. తీవ్రమైన ఆమ్లాలతో కడిగే చిట్కాలను అల్యూమినియం కోర్ మీద ప్రయోగించడం కొత్త లీకును కొనితెచ్చుకోవడమే.

రెండూ చల్లగా ఉంటే

కూలెంట్ మట్టం సరిగ్గా ఉండి ఇంజన్ కూడా వేడెక్కుతుంటే, ప్రసరణకు అడ్డుపడేది ఎయిర్ లాకో (పైపుల్లో చిక్కుకున్న గాలి), వాటర్ పంపో అయి ఉండాలి. ఇటీవలే కూలెంట్ మార్చినా, ఏదైనా హోస్ పైపు విప్పినా ఎయిర్ లాక్‌నే ముందు చూడండి.

గాలి తీయడానికి ఇంజన్ చల్లగా ఉండగా బండి ముక్కును ఎత్తు మీద నిలిపి, రేడియేటర్ లేదా ట్యాంకు మూత అన్నిటికంటే ఎత్తున ఉండేట్టు చూడండి. హీటర్ పూర్తి వేడిలో ఉండాలి, వాల్వు ఉన్న కార్లలో అది తెరుచుకోవడానికి. మూత తీసి, గరాటు బిగించి, కూలెంట్ పోసి ఇంజన్ నడపండి. గాలి బయటికి పోవడానికి ప్రత్యేకంగా స్క్రూ ఉన్న కార్లలో దాన్ని వదులు చేసి, బుడగలు ఆగి కూలెంట్ ధారగా వచ్చాక బిగించాలి. థర్మోస్టాట్ తెరుచుకున్నప్పుడు మట్టం ఒక్కసారిగా దిగుతుంది, ఆ ఖాళీని నింపుతూ పోవాలి. రేడియేటర్ ఫ్యాన్ ఒకటి రెండుసార్లు తిరిగి ఆగేదాకా, హీటర్ పైపులు రెండూ వేడెక్కేదాకా ఓపిక పట్టండి. మూత తీసి ఉన్నంతసేపూ ముఖాన్ని గరాటుకు దూరంగా ఉంచండి, ఉష్ణోగ్రతను గమనిస్తూ ఉండండి. కొన్ని కొత్త కార్లలో ముందు గాలినంతా పీల్చేసి కూలెంట్ నింపే పరికరం లేకుండా ఈ పని పూర్తి కాదు. వాటిని వర్క్‌షాపుకు తీసుకుపోవడమే మంచిది.

బుడగలు ఎంతకూ ఆగకపోతే సంగతి వేరు. సిలిండర్‌లో మండిన వాయువు హెడ్ గ్యాస్కెట్ దాటి కూలెంట్‌లోకి చొరబడుతోందేమో చూడాలి. గాలి తీసిన కొద్ది రోజులకే హీటర్ మళ్లీ చల్లబడడం, చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన ఒకటి రెండు నిమిషాలకే పై హోస్ పైపు రాయిలా గట్టిపడడం, బయట ఎక్కడా చుక్క కారకుండా కూలెంట్ తగ్గడం దీని గుర్తులు. ట్యాంకు మూతి దగ్గరి గాలిని నీలిరంగు ద్రవం గుండా పీల్చే పరీక్ష ఒకటి ఉంది. పొగలోని కార్బన్ డయాక్సైడ్ తగిలితే పెట్రోలు ఇంజన్లలో ఆ ద్రవం పసుపురంగుకు తిరుగుతుంది.

వాటర్ పంప్ లీకు లేకుండానే పాడు కాగలదు. లోపలి రెక్కలు అరిగిపోయినా, ప్లాస్టిక్ రెక్కల చక్రం ఇరుసు మీద పట్టు తప్పినా, పుల్లీ బయట చక్కగా తిరుగుతూనే ఉంటుంది. ఇంజన్ వేగం పెంచినప్పుడు మాత్రమే హీటర్ పైపులు వేడెక్కుతూ, ఎయిర్ లాక్ లేదని నిర్ధారణ అయితే పంపు విప్పి చూడాలి. కొన్ని కార్లలో హీటర్ కోసం వేరే చిన్న ఎలక్ట్రిక్ పంపు కూడా ఉంటుంది. ఇంజన్ నడుస్తుండగా దాని మీద చేయి వేస్తే సన్నటి కంపనం తెలియాలి.

కోర్ కారుతుంటే

క్యాబిన్‌లో తియ్యటి వాసన, ముందు అద్దం లోపలి వైపు తుడిచినా పోని జిడ్డు పొర, పక్క సీటు కింద తడిసిన కార్పెట్, ఈ మూడింట్లో ఏది కనబడినా కోర్ లీకవుతోందని అనుమానించాలి. తడి వేళ్లకు జారుడుగా తగిలితే కూలెంట్, నీళ్లలా ఉంటే ఏసీ నీరు పోయే గొట్టం మూసుకుని ఉండవచ్చు. కోర్ మార్చేదాకా బండి నడపక తప్పకపోతే, ఇంజన్ గదిలో రెండు హీటర్ హోస్ పైపులనూ ఒక గొట్టంతో కలిపి కోర్‌ను పక్కకు తప్పించవచ్చు. హీటర్ పనిచేయదు గానీ కూలెంట్ నిలుస్తుంది. అయితే హీటర్ లేకపోతే అద్దం మీది మంచు, ఆవిరి పోవు. చలి వాతావరణంలో ఇది ఒకటి రెండు రోజుల ఏర్పాటుగానే ఉండాలి.

ఎలక్ట్రిక్, హైబ్రిడ్ కార్లు

ఎలక్ట్రిక్ కార్లలో ఇంజన్ వేడి లేదు కాబట్టి కరెంటుతో వేడెక్కే పీటీసీ హీటరో, బయటి గాలి నుంచి వేడిని లోపలికి తెచ్చే హీట్ పంపో వేడిని ఇస్తాయి. అవి ఎక్కువ వోల్టేజీతో నడిచేవి. నారింజరంగు తీగలు కనబడిన చోట చేయి పెట్టకుండా, ఫ్యూజులు చూసి, కోడ్‌లు చదివి అక్కడితో ఆగిపోవాలి. హైబ్రిడ్లలో ఇంజన్ ఆగి ఉన్నప్పుడు కూడా కూలెంట్‌ను తిప్పే ఎలక్ట్రిక్ పంపు ఉంటుంది. ఇంజన్ నడిచేటప్పుడు వేడిగాలి, ఆగగానే చల్లగాలి వస్తే ఆ పంపును ముందు చూడండి. పొదుపు మోడ్‌లో హీటర్‌ను కంప్యూటరే తగ్గించే అవకాశం కూడా ఉంది, కాబట్టి మోడ్ మార్చి చూశాకే మిగతా తనిఖీలకు వెళ్లండి.

మరమ్మతు తర్వాత

బయట చలిగా ఉన్నప్పుడే పరీక్షించండి. ఇంజన్ పూర్తిగా వేడెక్కాక బ్లోవర్ తక్కువ వేగంలో ఉండగా, మధ్య బిలంలో థర్మామీటరు పెడితే చాలా కార్లలో 50 డిగ్రీల పైన చూపిస్తుంది. బండిని నిలబెట్టి ఒకసారి, హైవే వేగంలో ఒకసారి చూడండి. రెండు చోట్లా అంకె దాదాపు ఒకేలా ఉండాలి. పైపులు విప్పినా, కూలెంట్ పోసినా, మర్నాడు ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు మట్టం చూసి, మిగిలిన గాలి బయటికి పోగా ఏర్పడిన కొద్దిపాటి వెలితిని నింపండి. వారం తర్వాత మరోసారి చూసినప్పుడు కూడా తగ్గి ఉంటే అది గాలి వల్ల కాదు, లీకే. ట్యాంకు మీద గుర్తు పెట్టుకుని, కార్పెట్ తడి దగ్గర నుంచి తిరిగి మొదలుపెట్టండి.